నాలుగు మైకులకి ఒకే గడియారం కావాలా, చప్పట్లు సరిపోతాయా: సరౌండ్ రికార్డింగ్‌కి ఏ సింక్ పద్ధతి పెట్టుకోవాలి

"అన్నా నా దగ్గర రెండు రికార్డర్లున్నాయి, ఇంకో రెండు తెచ్చి నాలుగు మూలలా పెట్టి టైమ్‌కోడ్ బాక్సులు తగిలిస్తే అట్మాస్ లాగా చుట్టూ వినిపిస్తుందా" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. అట్మాస్ అంటే థియేటర్లో శబ్దం చుట్టూ నుంచి వచ్చే పద్ధతి, టైమ్‌కోడ్ బాక్సు అంటే రికార్డర్లన్నిటికీ ఒకే టైము అందించే చిన్న పెట్టె. వినిపిస్తుంది, ఒక్క నిమిషం పాటు. ఆ తర్వాత మెల్లగా చెడిపోతూ ఉంటుంది, ఎందుకు చెడిపోతోందో కూడా అర్థం కాదు, ఎందుకంటే స్క్రీన్ మీద టైమ్‌కోడ్ నంబర్లు అన్నీ కరెక్టుగానే కనిపిస్తుంటాయి. నేను ఆ దెబ్బ తిన్నాను కాబట్టి చెప్తున్నా.

కడప వైపు ఒక పల్లెలో శ్రీరామనవమికి రామాలయం ముందు చెక్కభజన. పదహారు మంది గుండ్రంగా, మధ్యలో గురువు, పక్కన డోలక్, హార్మోనియం. వినేవాడు ఆ గుండ్రం మధ్యలో నిలబడి ఉన్నట్టు రావాలని నా ఆశ. గురువు పక్కనే ఒక స్టాండ్ వేసి, దాని మీద రెండు స్టీరియో రికార్డర్లు పెట్టా, ఒకటి గుడి వైపు, ఇంకోటి వీధి వైపు. ఎడిటింగ్‌లో మొదటి టక్ దగ్గర రెండు ఫైళ్ళూ కలిపేశా, మొదటి పాట అద్భుతంగా వచ్చింది, చెక్కలు తల చుట్టూ తిరుగుతున్నాయి. ఐదో పాటకొచ్చేసరికి ప్రతి చెక్క దెబ్బా "టక్" అని కాకుండా "టటక్" అని రెండుసార్లు పడుతోంది. ముందు వాళ్ళే తాళం తప్పారేమో అనుకున్నా, సిగ్గులేకుండా. ఆ గురువు అరవై ఏళ్ళ మనిషి, ఆయన తాళం తప్పడం ఏంటి, తప్పింది నా రికార్డర్లు. గంటా నలభై ఎనిమిది నిమిషాల చివర కొలిస్తే రెండు ఫైళ్ళ మధ్య 97 మిల్లీసెకన్లు తేడా.

లెక్క చూడండి. 108 నిమిషాలంటే 6480 సెకన్లు, అందులో 97 మిల్లీసెకన్లు అంటే పది లక్షలకి 15 వంతులు, దీన్నే 15 పీపీఎం అంటారు. రికార్డర్ లోపల టైము లెక్కపెట్టే క్రిస్టల్ మన చేతి గడియారంలో ఉన్నలాంటిదే, ఒకటి కొంచెం ముందుకి, ఒకటి కొంచెం వెనక్కి పోతుంది, ఎండలో పెడితే ఒకలా, ఏసీ గదిలో పెడితే ఒకలా. మామూలు క్రిస్టల్‌కి 20 పీపీఎం అటూ ఇటూ అనేది పెద్ద తప్పు కాదు, మామూలు సంగతే. కొద్ది నిమిషాల వీడియో క్లిప్పులకి 15 పీపీఎం పట్టించుకోనక్కర్లేదు. కానీ సరౌండ్‌కి, 15 పీపీఎం అంటే సెకనుకి 15 మైక్రోసెకన్లు, 67 సెకన్లకి ఒక మిల్లీసెకను. మన రెండు చెవుల మధ్య శబ్దం చేరే తేడా మహా అయితే 0.6, 0.7 మిల్లీసెకన్లు, దాన్ని బట్టే కుడా ఎడమా అని మెదడు తేల్చుకుంటుంది. అంటే నిమిషం లోపే నా గుండ్రం పక్కకి ఒరగడం మొదలైంది, నేను మాత్రం ఐదో పాటకి గానీ కనిపెట్టలేదు.

ఇక్కడ చాలామంది మూడు వేర్వేరు విషయాల్ని ఒకే ముద్ద చేసేస్తారు. ఒకటి, రికార్డింగ్ ఎప్పుడు మొదలైంది అనే తేడా, ఇది ఒక్కసారి జరిపేస్తే పోతుంది. రెండోది డ్రిఫ్ట్, అంటే గడియారాలు వేరు వేరు వేగాల్లో నడవడం, ఇది జరిపితే పోదు, సాగదీయాలి లేదా అసలు రాకుండా చూసుకోవాలి. మూడోది దూరం. మన ఎండాకాలం సాయంత్రం గాలిలో శబ్దం సెకనుకి సుమారు 350 మీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకి 35 సెంటీమీటర్లు, పది మీటర్ల అవతల మైక్‌కి దాదాపు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఈ మూడోది తప్పు కాదండీ బాబూ, అదే మీకు కావాల్సింది. స్థలం ఎంత పెద్దదో చెప్పేది ఆ ఆలస్యమే. ఎడిటింగ్‌లో నాలుగు మైకుల్లో ఒకే దెబ్బని జూమ్ చేసి ఒకే గీత మీదకి లాగేసి "సింక్ అయిపోయింది" అని మురిసిపోతుంటారు కొందరు, గుడి ముందు ఖాళీ స్థలాన్ని తీసుకెళ్ళి అగ్గిపెట్టెలో పెట్టినట్టు.

సింక్ అంటే అన్ని మైకులకీ ఒకే గడియారం, అంతేగానీ శబ్దం అన్నిటికీ ఒకేసారి చేరడం కాదు.

సో ఏది ఎంచుకోవాలో తేల్చే ప్రశ్న నా వరకూ ఒక్కటే. ఈ మైకులు ఒకే శబ్దాన్ని వింటున్నాయా, ఆ రెండిటి మధ్య తేడాతోనే దిక్కు తెలియాలా? అవును అయితే గడియారం ఒక్కటే ఉండాలి, వేరే దారి వెతక్కండి. కాదు, ఒక్కో మైక్ దాని పక్కనున్నదాన్నే వింటోంది, ఒకడి గొంతు దగ్గర ఒకటి, దూరంగా చెరువుగట్టు మీద ఒకటి, అలా అయితే చప్పట్లైనా టైమ్‌కోడ్ అయినా సరిపోతుంది.

ఒకే గడియారానికి అన్నిటికంటే చవక దారి ఒకే రికార్డర్, పొడుగు కేబుళ్ళు. వినడానికి పాతకాలం మాటలా ఉంటుంది కానీ నేను ఇప్పటికీ దీనికే ఓటేస్తా. జూమ్ ఎఫ్6 లాంటి ఆరు ఇన్‌పుట్లది, ఎఫ్8ఎన్ ప్రో లాంటి ఎనిమిదిది ఒకటి ఉంటే అన్ని ఛానళ్ళూ ఒకే క్రిస్టల్ మీద నడుస్తాయి, గంట కాదు రాత్రంతా జాగారం రికార్డ్ చేసినా ఒక్క శాంపిల్ (సెకనుకి వేల సార్లు తీసుకునే శబ్దపు కొలత) కూడా జరగదు. కేబుల్ పొడుగైతే ఆలస్యం అవుతుందా అని అడుగుతారు, 50 మీటర్ల కేబుల్‌లో కరెంటుకి పట్టేది మైక్రోసెకనులో నాలుగో వంతు, మర్చిపోండి. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ళు తీస్తే, ఒక్క శాంపిలే దాదాపు 21 మైక్రోసెకన్లు. బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ (బయటి గోల దూరకుండా చేసిన మైక్ కేబుల్) 30, 40 మీటర్లు హాయిగా పోతుంది, ఫాంటమ్ పవర్, అంటే మైక్‌కి కావాల్సిన కరెంటు కూడా అందులోనే అందుతుంది. టైమ్‌కోడ్ బాక్సు ఒక్కదాని ఖరీదుకి బోలెడు కేబుల్ వస్తుంది, కొనక్కర్లేదు కూడా, ఊళ్ళో మైక్‌సెట్ అన్నని మంచిగా అడిగితే మల్టీకోర్ (చాలా లైన్లు ఒకే తొడుగులో ఉన్న కేబుల్) చుట్ట ఒకటి ఇస్తాడు, ముందే టెస్ట్ చేసుకోండి, రెండు మూడు లైన్లు తెగి ఉంటాయి ఖచ్చితంగా.

దీని బాధ సింక్‌లో కాదు, కాళ్ళ దగ్గర. చెక్కభజనలో వాళ్ళు ఎగురుతారు, వెనక్కి అడుగులేస్తారు, కింద కేబుల్ ఉందంటే ఎవరో ఒకరు పడతారు. మేం రెండోసారి వెళ్ళినప్పుడు కేబుళ్ళన్నీ పందిరి రాటలకి కట్టి పైనుంచి దింపాం, ఒక పూటంతా దానికే పోయింది. ఆ ఓపిక లేకపోతే ఈ పద్ధతి వద్దు. ఊరేగింపు, బోనాల జాతర, జనం నడుస్తూ ఉండేది ఏదైనా సరే దీనికి లొంగదు.

లొంగనప్పుడు నా రెండో ఛాయిస్ అంబిసోనిక్ మైక్. 1970ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో మైఖేల్ గెర్జన్ అనే ఆయన, ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు తీర్చిన ఆలోచన ఇది, ఒకే మైక్ తలలో నాలుగు క్యాప్సూల్స్ (శబ్దాన్ని పట్టే చిన్న భాగాలు) నాలుగు దిక్కులకి, పిరమిడ్ మూలల్లాగా. నాలుగూ దాదాపు ఒకే చోట ఉంటాయి, ఒకే రికార్డర్‌లోకి వెళ్తాయి, కాబట్టి సింక్ అనే మాటే ఉండదు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో బీ-ఫార్మాట్‌కి (దిక్కులన్నీ కలిపి దాచే ఫైల్ రూపం) మార్చి ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, 360 వీడియోకైతే ఇదే రాజమార్గం, యూట్యూబ్ కూడా తీసుకుంటుంది. జూమ్ హెచ్3-వీఆర్‌లో మైకూ రికార్డరూ రెండూ ఒకటే, రోడ్ ఎన్‌టీ-ఎస్‌ఎఫ్1 లాంటిదైతే నాలుగు ఇన్‌పుట్ల రికార్డర్ విడిగా కావాలి, నాలుగు గెయిన్లూ (శబ్దం ఎంత పెంచాలనే సెట్టింగ్) లింక్ చేసి పెట్టాలి, ఒక్కటి అటూ ఇటూ అయినా దిక్కులు వంకరపోతాయి. నాకు దీనిలో నచ్చనిది, నాలుగు క్యాప్సూల్స్‌తో వచ్చే దిక్కు కొంచెం మసకగా ఉంటుంది. చెక్కలు ముందున్నాయా వెనకున్నాయా తెలుస్తుంది గానీ ఫలానా మనిషి చేతిలో మోగింది అని వేలు పెట్టి చూపించలేం. స్పీకర్ల మీద అయితే దూరం దూరంగా పెట్టిన మైకులిచ్చే ఆ వెడల్పు, ఆ గాలి, దీనికి రాదు. హెడ్‌ఫోన్ కోసమే అయితే చెవుల్లో పెట్టుకునే బైనారల్ మైకులు ఇంకా చవక, కానీ రికార్డ్ అయ్యేంతసేపూ తల కదపకుండా నిలబడాలి, దోమలున్న చోట వద్దు.

ఇప్పుడు టైమ్‌కోడ్ బాక్సుల సంగతి, తమ్ముడి అసలు ప్రశ్న. టెంటకిల్ సింక్ లాంటివి చాలా మంచి సరుకు, లోపల ఖరీదైన క్రిస్టల్, రోజంతా నడిచినా ఒక ఫ్రేమ్ కూడా తప్పదు. కానీ అది చెప్పేది ఫైల్ ఎన్నింటికి మొదలైంది అన్నదే. మొదలయ్యాక రికార్డర్ తన సొంత క్రిస్టల్ మీదే శాంపిల్స్ లెక్కపెట్టుకుంటూ పోతుంది, పక్కన బాక్సు ఏమంటోందో మామూలు చేతి రికార్డర్‌కి పట్టదు. పెళ్ళికి ముహూర్తం ఇద్దరికీ ఒకటే పెట్టి, ఒకడు ఎద్దులబండిలో ఒకడు ఆటోలో బయల్దేరినట్టు. పైగా ఫ్రేమ్ లెక్కన కలిపితే, సెకనుకి 25 ఫ్రేములైతే (ఫ్రేమ్ అంటే వీడియోలో ఒక బొమ్మ) ఒక్కో ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు, అంటే శబ్దం 14 మీటర్లు నడిచే టైము. పెదాలకి మాట కలపడానికి సరిపోతుంది, గుడి ముందు దిక్కులు నిలబెట్టడానికి చాలదు.

అలా అని తీసిపారేయను. నాలుగు కెమెరాలు, రెండు రికార్డర్లు, రోజంతా వంద క్లిప్పులు ఉంటే టైమ్‌కోడ్ లేకుండా ఎడిటింగ్‌కి కూర్చోవడం అంటే రాత్రుళ్ళు అమ్ముకున్నట్టే. క్లిప్పులు చిన్నవైతే డ్రిఫ్ట్ కూడా పెరిగే టైముండదు. రికార్డర్ సొంత గడియారమే 0.2 పీపీఎం రకం అయితే కథ వేరు, అలాంటివి రెండు విడిగా నడిచినా గంటకి ఒకటిన్నర మిల్లీసెకను లోపే తేడా, అప్పుడప్పుడూ ఒక చప్పట్టు పెట్టుకుంటే చాలు. కొనేముందు స్పెసిఫికేషన్‌లో పీపీఎం నంబర్ చూడండి, రాయలేదంటే చెప్పుకునేంత బాగా లేదని నేను అనుకుంటా. ఇంకో మాట, అన్ని పరికరాల్లో ఫ్రేమ్ రేట్ ఒకటే పెట్టండి, ఒకచోట 24 ఒకచోట 23.976 ఉంటే గంటకి 3.6 సెకన్లు పోతాయి, అది డ్రిఫ్ట్ కాదు, మన నిర్లక్ష్యం.

చేతిలో ఉన్నవి విడివిడి రికార్డర్లే, వేరే దారి లేదు అనుకోండి. అప్పుడు చప్పట్లు. మొదట ఒకటి, చివర ఒకటి, రెండూ తప్పనిసరి, ఒక్కటే కొడితే ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది గానీ ఎంత సాగిందో తెలీదు. ఎక్కడ కొట్టారన్నది ఇంకా ముఖ్యం. ఒక మైక్ పక్కన నిలబడి కొడితే పది మీటర్ల అవతల మైక్‌కి అది 29 మిల్లీసెకన్లు లేటుగా చేరుతుంది, మీరు ఆ రెండిటినీ కలిపేస్తే స్థలాన్ని మీ చేత్తోనే చెరిపేసినట్టు. అందుకే అన్ని మైకులకీ సమాన దూరంలో నిలబడాలి. మేం టేపు పెట్టి కొలిచి గుండ్రం మధ్యలో ముగ్గుపిండితో గుర్తు పెట్టాం, గురువుగారు ఆ గుర్తు మీద నిలబడి తన చెక్కలు రెండూ ఒక్కసారి "ఠక్" మనిపించి అలాగే గట్టిగా పట్టుకున్నారు, చెక్కలకున్న బిళ్ళలు కూడా మోగకుండా. అంత శుభ్రమైన క్లాప్ సినిమా సెట్‌లో కూడా వినలేదు నేను. వేవ్‌ఫామ్‌లో, అంటే స్క్రీన్ మీద కనిపించే శబ్దం బొమ్మలో, నిట్టనిలువు గీత.

తర్వాత పని రీపర్ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తా, ఇంకోటైనా పర్లేదు. మొదటి ఠక్ దగ్గర కలుపు, చివరి ఠక్ దగ్గర తేడా కొలువు, ఎక్కువ పొడుగొచ్చిన ఫైల్‌ని ఆ మేరకి వేగం పెంచు. నా కేసులో 1.000015 రెట్లు. అక్కడ పిచ్ (శ్రుతి) కాపాడు అనే టిక్ తీసేయండి, 15 పీపీఎం శ్రుతి తేడా ఏ విద్వాంసుడికీ వినపడదు, ఆ టిక్ ఉంటే మాత్రం సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని ముక్కలు చేసి అతికిస్తుంది, చెక్క దెబ్బలు మెత్తబడతాయి. ఇలా చేశాక మొదలూ చివరా సరిగ్గా కూర్చుంటాయి, మధ్యలో ఒకటీ అరా మిల్లీసెకన్లు ఊగొచ్చు, ఎందుకంటే సాయంత్రం ఎండ నుంచి రాత్రి చల్లదనానికి వెళ్తుంటే క్రిస్టల్ వేగం కూడా ఒకేలా ఉండదు. అందుకే పాట పాటకీ మధ్య ఒక ఠక్ కొట్టిస్తే ఇంకా మేలు. ఇంత చేసినా ఒకే స్టాండ్ మీదున్న ముందు జతా వెనక జతా అనే పనికి ఇది నాకు తృప్తి ఇవ్వదు, దూరంగా ఉన్న మైకులకి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

వేవ్‌ఫామ్ చూసి సాఫ్ట్‌వేరే కలిపేస్తుంది కదా అంటారు. కలుపుతుంది, డావించి రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో కూడా ఉంది, మాటలకి ఇంటర్వ్యూలకి చక్కగా పనిచేస్తుంది. కానీ భజనలో తాళం ఒకేలా తిరుగుతూ ఉంటుంది, ప్రతి ఆవర్తనం ముందుదానిలాగే ఉంటుంది కాబట్టి నాకు ఒకసారి సరిగ్గా ఒక ఆవర్తనం అవతల తగిలించి "మ్యాచ్ అయింది" అని చూపించింది. తాళంలోనే ఉంది కాబట్టి వెంటనే తెలీదు, గొంతులు వచ్చాక గానీ పట్టుకోలేకపోయా. డప్పులు, కోలాటం, ఏ తాళప్రధానమైనదైనా సరే దీన్ని కళ్ళు మూసుకుని నమ్మకండి.

యూఎస్‌బీ మైకులు నాలుగు లాప్‌టాప్‌కి గుచ్చే ఆలోచన ఉంటే మానేయండి, ఒక్కోదానికీ ఒక్కో గడియారం లోపలే ఉంటుంది. మ్యాక్‌లో అగ్రిగేట్ డివైస్ (అన్నిటినీ కలిపి ఒకే పరికరంలా చూపించే సెట్టింగ్) చేసి డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్ పెట్టొచ్చు, పాడ్‌కాస్ట్‌కి నడుస్తుంది, సరౌండ్‌కి కాదు. బ్లూటూత్ మైకుల గురించి మాట్లాడుకోవద్దు. కాలర్ మైకుల్లో రోడ్ వైర్‌లెస్ ప్రో లాంటివి ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డ్ చేసుకుని టైమ్‌కోడ్ కూడా రాస్తాయి, గురువుగారి గొంతుకి అలాంటిదే పెట్టా. గొంతు మైక్‌ని మెయిన్ మైకులతో కలిపేటప్పుడు ఒక చిట్కా, గొంతు మెయిన్ మైకులకి ఎప్పుడు చేరిందో దానికి ఇంకో ఐదారు మిల్లీసెకన్లు వెనకగా కాలర్ ట్రాక్‌ని జరపండి. ముందు చెవిన పడినదాన్ని బట్టే చెవి దిక్కు తేల్చుకుంటుంది, 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ ఆయన దీని మీద పెద్ద పరిశోధనే చేశాడు. అలా జరిపితే మాట స్పష్టంగా వినిపిస్తుంది, మనిషి మాత్రం తన చోటే నిలబడి ఉంటాడు, మొహం మీదకి వచ్చేయడు.

ఇక వర్డ్ క్లాక్, డాంటే. వర్డ్ క్లాక్ అంటే బీఎన్‌సీ కేబుల్ మీద ఒక పెట్టె మిగతా పెట్టెలకి శాంపిల్ శాంపిల్‌కీ తాళం కొట్టి చూపించడం, డాంటే అంటే అదే పని మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీద, ఒక్కో కేబుల్ వంద మీటర్ల దాకా. అందులో ఒక పరికరం పెద్దన్న అవుతుంది, మిగతావన్నీ దాని టైమే పాటిస్తాయి. కళ్యాణమండపం, ఆడిటోరియం, పెద్ద గుడిలో పర్మనెంట్ సెటప్, పన్నెండు ఛానళ్ళు దాటిన పని ఉంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు, డాంటేనే. మీది కాని డబ్బుతో అయితే ఇంకా మంచిది. పల్లెలో జనరేటర్ మీద నెట్‌వర్క్ స్విచ్చులు (కేబుళ్ళన్నీ కలిపే పెట్టెలు) నడిపించాలంటే మాత్రం నాకు భయం, కరెంటు ఒక్క క్షణం రెప్పవేస్తే నెట్‌వర్క్ మళ్ళీ లేచి నిలబడేలోపు పల్లవి అయిపోతుంది. బ్యాటరీ రికార్డర్‌కి ఆ బెంగ లేదు. ఒక్కరోజు పనికైతే కొనకుండా హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్ వైపు అద్దెకి అడగండి.

తమ్ముడికి చివరికి నేను చెప్పింది, ఉన్న రెండు రికార్డర్లూ ఉంచుకో, ఇంకో రెండూ బాక్సులూ కలిపి పెట్టే డబ్బుతో ఒక ఆరు ఇన్‌పుట్ల రికార్డర్ సెకండ్‌హ్యాండ్‌లో చూడు. మధ్యలో నాలుగు మైకులు దానిలోకి, అవి దిక్కులు చూసుకుంటాయి. నీ పాత రికార్డర్లు ఒకటి గుడి మెట్ల మీద, ఒకటి వీధి చివర, ఊరి శబ్దానికి, కుక్కలకి, దూరంగా పోయే బస్సుకి, వాటికి చప్పట్లు చాలు. అన్నిటిలో 48 కిలోహెర్ట్జ్ పెట్టుకో. ఒక్కో మైక్ ఎంత దూరంలో ఉందో కాగితం మీద మీటర్లలో రాసుకో, రేపు నీకు గుర్తుండదు.

ఇంకోటి, ఆ చివరి ఠక్ మంగళహారతికి ముందే కొట్టించు. హారతి అయ్యాక గురువుగారు కూడా దొరకరు, అందరూ వడపప్పు, పానకం దగ్గర ఉంటారు.